మోచేయి వంకరగా అతికితే

ఢిల్లీ మునిర్కాలో ఇరుకు మెట్ల మీద జారినా, మన ఊళ్లో జామచెట్టు మీంచి పడినా పిల్లలు ముందు చెయ్యి చాపుతారు. దెబ్బంతా మోచేతికి చేరి, దండచేతి ఎముక కింది భాగం పలచగా ఉన్నచోట విరుగుతుంది. ఇదే సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువ.

పక్కకు జరిగిన ముక్కల్ని సరిగా కూర్చకుండా కట్టు కడితే ఎముక అతుక్కుంటుంది, కానీ వంకరగా. మామూలుగా చెయ్యి చాచి అరచేయి ముందుకు తిప్పితే ముంజేయి 5 నుంచి 15 డిగ్రీలు ఒంటికి ఎడంగా ఉంటుంది. వంకరగా అతికితే ఒంటివైపు తిరుగుతుంది. వైద్యులు దీన్ని క్యూబిటస్ వేరస్ అంటారు.

‘ఎదిగే పిల్లాడు, అదే సర్దుకుంటుంది’ అని పెద్దలు అంటుంటారు. కొన్ని ఎముకల విషయంలో అది నిజమే, ఇక్కడ మాత్రం కాదు. దండచేతి ఎముక పొడవు పెరిగేది సుమారు 80 శాతం భుజం కొస దగ్గరే. మోచేతి కొస వాటా 20 శాతమే. పక్కకు తిరిగిన వంకరను సరిచేయడానికి అది చాలదు.

అందుకే ఎముకను మళ్లీ కోస్తారు. ఈ ఆపరేషన్ పేరు ఆస్టియోటమీ. బయటివైపు నుంచి వి ఆకారపు ముక్క తీసి, సందు మూసి, తీగలతోనో ప్లేటుతోనో బిగిస్తారు. ఎంత తీయాలో బాగున్న చెయ్యే చెబుతుంది. వంకర చెయ్యి 20 డిగ్రీలు లోపలికి, రెండోది 10 డిగ్రీలు బయటికి ఉంటే కోణం 30. ఎముక వెడల్పు 40 మిల్లీమీటర్లనుకుంటే బయటి అంచున దాదాపు 23 మిల్లీమీటర్లు పోవాలి. చిక్కల్లా ఇక్కడే: అడ్డకోత పొడవు 40 అయితే, దాని కింది ఏటవాలు కోత 46 మిల్లీమీటర్లు. రెండూ కలిపినప్పుడు మిగిలిన ఆరు మిల్లీమీటర్లు మోచేతి బయట గుబ్బలా పొడుచుకొస్తాయి. కోతను గుమ్మటంలా వంపుగా చేసి కింది ముక్కను తిప్పే పద్ధతి ఈ గుబ్బను తగ్గించడానికే.

చెయ్యి బాగానే ముడుచుకుంటుంది కనుక ఇది అందం కోసం చేసే ఆపరేషనేనని చాలాకాలం అనుకున్నారు. కానీ కొందరిలో ఏళ్ల తరవాత చిటికెనవేలి వైపు నరం నలిగి తిమ్మిరి వస్తుంది. కొందరికి కీలు వదులవుతుంది. సాధారణంగా దెబ్బ తగిలిన ఏడాదికి, కీలు కదలిక కుదురుకున్నాక ఆపరేషన్ చేస్తారు.

మునిర్కావాసులకు ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ దగ్గరే. విరిగిన వెంటనే వెళ్తే ఎక్స్‌రే తెర మీద చూస్తూ ముక్కలు కూర్చి, సన్నని పిన్నులు గుచ్చుతారు. మూడు నాలుగు వారాల్లో తీసేస్తారు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా, వేళ్లు పాలిపోయి చల్లబడినా, చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.