పెరటి పిట్టలు – దూరపు కటకము

హైదరాబాదు పాతనగరమునకు నడిబొడ్డైన చార్మినారు 1591లో కట్టబడినది. దాని చుట్టును పెరిగిన పేటలలో వీధివైపు ఎత్తైన గోడయు, లోపల గదుల నడుమ ఆకాశము కనబడు ముంగిలియు గల పాత ఇండ్లు నేటికిని అక్కడక్కడ మిగిలియున్నవి. గౌలిపురా, లాల్‌దర్వాజా, అలియాబాదు, షాలిబండ మున్నగు పేటల సందులలో నడచువానికి గోడలు మాత్రమే కానవచ్చును. గోడకావల ఒక దానిమ్మయో, జామయో, వేపయో యున్నదని లోనివారికే తెలియును. పిట్టలకు కూడ తెలియును.

తెల్లవారగనే పిట్టగోడపై ఊరపిచ్చుకలు వ్రాలును. (మిద్దె అంచున కట్టు గోడకు ఆ పేరు పెట్టినవారెవరోగాని, చూచి పెట్టినారు.) దానిమ్మపూవుల కడకు తేనెపిట్ట వచ్చును. ముక్కు కొననుండి తోక కొనవరకు కొలిచినను అది 10 సెంటీమీటర్ల పిట్ట. నల్లని తలపై చిన్న కుచ్చును, తోక మొదట క్రిందివైపు ఎఱ్ఱని మచ్చయు గల పిగిలిపిట్ట నీటితొట్టి అంచున నిలిచి గొంతు తడుపుకొనును. గోరువంకలు జంటలుగా నడచును. రామచిలుకలు కేకలువేయుచు మిద్దెల మీదుగా సాగిపోవును. మక్కామసీదు ఎదుట పావురములు మనుష్యుల కాళ్ళ నడుమనే గింజలేరుకొనుచుండును గాన వానిని చిత్రించుటకు ఏ ప్రత్యేక సాధనమును అక్కరలేదు. తక్కినవన్నియు మనిషి నాలుగడుగులు ముందుకు వేసిన ఎగిరిపోవునవే.

ఇట్టి యింట పెరుగు విద్యార్థి యొకడు చేతిఫోనుతో ఆ తేనెపిట్టను చిత్రింపబూనినాడనుకొందము. చిత్రమున కొమ్మయు, గోడయు, ఆరవేసిన బట్టలును చక్కగా పడును. పిట్ట మాత్రము నల్లని చుక్కవలె నుండును. అంతట దూరపు కటకము కావలెనని యింట అడుగును. తండ్రి నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము తీసికొని దుకాణమునకు పోవును. అచ్చట నున్నవానిలో మిక్కిలి పొడవైనదియే మిక్కిలి మేలైనదని యెంచి కొనితెచ్చును. మరునాటి ఉదయమున బాలుడు వసారాలో నిలిచి కటకమును దానిమ్మవైపు త్రిప్పును. బొమ్మ మసకగా నుండును. ఎంత సవరించినను తేటపడదు. కటకము చెడినదేమోయని యింటిల్లిపాదియు దిగులుపడుదురు. కాని కటకము చెడలేదు. చెట్టు మరీ దగ్గరగా నున్నది!

దూరపు వస్తువులకై చేసిన కటకమునకు దగ్గరి వస్తువు కనబడకపోవుట మొదట వింతగా తోచును. దీని కారణము తెలిసినవాడు డబ్బు వృథాచేసికొనడు.

సూర్యకాంతిని కుంభాకార కటకముగుండ కాగితముపై పడనిచ్చినచో ఒకచోట అది చిన్న చుక్కగా కూడును. కటకమునుండి ఆ చుక్కవరకు గల దూరమును నాభ్యంతరము అందురు. కెమెరా కటకములపై 50, 300, 600 అని చెక్కబడియుండు అంకెలు ఈ నాభ్యంతరమును మిల్లీమీటర్లలో తెలుపును. నాభ్యంతరము ఎంత పెరిగిన, దూరపు వస్తువు బొమ్మ అంత పెద్దదగును. లెక్క మిక్కిలి సులువు: పిట్ట పొడవును నాభ్యంతరముతో గుణించి, పిట్టకును కటకమునకును నడుమగల దూరముతో భాగించినచో, కెమెరాలోపల పడు బొమ్మ పొడవు ఇంచుమించుగా వచ్చును.

పై యింటిలో వసారానుండి దానిమ్మకొమ్మకు 12 అడుగులు, అనగా సుమారు 3,600 మిల్లీమీటర్లు కలదనుకొందము. తేనెపిట్ట 100 మిల్లీమీటర్ల పొడవు గలది. 50 మిల్లీమీటర్ల కటకముతో దాని బొమ్మ ఒకటిన్నర మిల్లీమీటరైనను నిండదు. అదియే 300 మిల్లీమీటర్ల కటకముతో 8 మిల్లీమీటర్లు దాటును. పూర్వపు ఫిల్ము చట్రము 36 మిల్లీమీటర్ల వెడల్పు గలది. నేడు ఫిల్మునకు బదులు వెలుతురును గ్రహించు ఫలకము కెమెరాలో నుండును. క్రొత్తగా నేర్చుకొనువారు కొను కెమెరాలలో పెక్కింటికి ఈ ఫలకము వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లే. అందు 8 మిల్లీమీటర్ల పిట్ట మూడవవంతు స్థలమాక్రమించును. కంటిలోని మెరుపు సైతము కనబడును. ఆ ముంగిలికి ఇంతకుమించిన కటకము అక్కరలేదు.

ఇక బాలుని కటకమేల విఫలమయ్యెనో చూతము. వస్తువు దగ్గరకు వచ్చినకొలది, బొమ్మ తేటగా పడుటకు కటకమును ఫలకమునుండి ముందుకు జరుపవలెను. నాభ్యంతరము పెద్దదైనకొలది ఈ జరుపుట విశేషముగా పెరుగును. ఒంటి కటకమే యైనచో, 12 అడుగుల దూరమందలి పిట్టకై 300 మిల్లీమీటర్లదానిని సుమారు 27 మిల్లీమీటర్లు జరిపిన చాలును. 600 మిల్లీమీటర్లదానినో, 120 మిల్లీమీటర్లు జరుపవలసివచ్చును. నేటి కటకములలో పెక్కు గాజుబిళ్ళలు చేర్చి ఈ చిక్కును కొంత తగ్గించినారు. అయినను ప్రతి కటకమునకును ఒక కనిష్ఠ దూరము కలదు. అంతకంటె దగ్గరనున్న వస్తువు దానికి తేటపడదు. పొడవైన కటకములు కొన్నిటికి ఈ దూరము నాలుగైదు మీటర్లుండును. 70 నుండి 300 వరకు నాభ్యంతరమును మార్చుకొనగల చిన్న కటకములలో పెక్కింటికి ఒకటిన్నర మీటరు లోపే యుండును. ఈ అంకె పెట్టెలోని కాగితముపై వ్రాయబడియుండును. దానిని చదువువారు తక్కువ.

కాబట్టి దుకాణమునకు పోవుటకు ముందు చేయవలసినది, దర్జీవాని టేపు పుచ్చుకొని ముంగిలిని కొలుచుట. కిటికీనుండి పిట్టలు వ్రాలు కొమ్మకెంత? నీటితొట్టికెంత? మిద్దెపైనుండి ప్రక్కయింటి వేపచెట్టునకెంత? ఈ మూడంకెలు జేబులో నున్నవానిని ఎవ్వరును మోసగింపలేరు. ఒకవేళ ముంగిలిలో చెట్టే లేక, 40 అడుగుల దూరమందలి వేపచెట్టే దిక్కైనచో లెక్క మారును. 20 సెంటీమీటర్ల పిగిలిపిట్ట 300 మిల్లీమీటర్ల కటకముతో అచ్చటినుండి 5 మిల్లీమీటర్లు మాత్రమే యుండును. 600 దానికి రెట్టింపగును. అట్టి యింటివానికి పెద్ద కటకము కోరుట తప్పుకాదు.

టెలిఫోటో అను పేరునకు ఒక చిన్న కథ కలదు. సామాన్య కటకము 300 మిల్లీమీటర్ల నాభ్యంతరము గలదైనచో, దూరపు వస్తువునకై అది ఫలకమునకు 300 మిల్లీమీటర్ల ముందు నిలువవలెను. పూర్వపు ఛాయాగ్రాహకులు ఇందుకై బారెడు తోలుతిత్తులు గల కెమెరాలను మోసెడివారు. 1891లో లండనునందు థామస్ డాల్మెయర్ అనునతడు, ముందొక కుంభాకార సమూహమును, వెనుక నొక పుటాకార సమూహమును అమర్చి, పొడవు తగ్గియు నాభ్యంతరము తగ్గని కటకమును రూపొందించెను. ఆ యేడే జర్మనీలో స్టైన్‌హైల్, మీథె అనువారు కూడ ఇట్టిదానినే వేరువేరుగా కనుగొనిరి. శాస్త్రార్థమున ఇదియే టెలిఫోటో కటకము. వాడుకలో పొడవైన కటకములన్నిటికిని ఆ పేరు చెల్లిపోవుచున్నది. ఆ కాలముననే ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కెను. ఆయన గాజుపలకలపై పడిన మహళ్ళను, దర్బారులను నేటికిని చూచి ఆనందింపవచ్చును. కాని కొమ్మపై నిలకడలేని తేనెపిట్ట ఆ బరువైన కెమెరాలకు లొంగునది కాదు.

కటకముపై మరియొక అంకెయు నుండును. అది వెలుతురు చొచ్చు రంధ్రమును గూర్చినది. నాభ్యంతరమును ఆ అంకెతో భాగించిన రంధ్రము వెడల్పు వచ్చును. 300ను 5.6తో భాగించిన సుమారు 54 మిల్లీమీటర్లు. 600ను 4తో భాగించిన 150 మిల్లీమీటర్లు! అంత గాజును లోపము లేకుండ సానపట్టవలెను గనుకనే అట్టి కటకములు మూడు కిలోలకు పైబడి తూగును. వెల సామాన్య కుటుంబములకు అందదు. అంకె చిన్నదైన వెలుతురెక్కువ వచ్చునను మాట నిజమే. ఎత్తుగోడల నడుమ ఎండ ఆలస్యముగా దిగు ముంగిళ్ళలో వెలుతురు కొఱత తప్పదు. అయినను నేటి కెమెరాలలో గ్రాహకశక్తిని పెంచుకొను వీలున్నది. మరీ పెంచినచో బొమ్మపై ఇసుక చల్లినట్లుండును. కొంత ఇసుకనైనను ఓర్చుకొనవచ్చునుగాని, పిట్ట కదలి చెదరిన బొమ్మతో ప్రయోజనము లేదు. కటకమునకును కెమెరాకును నడుమ పెట్టు రెట్టింపు బిళ్ళలు అమ్ముదురు. అవి బొమ్మను రెండింతలు చేయునుగాని వెలుతురును నాలుగవవంతుకు తగ్గించును. ముంగిలిలో వానిని కొనుట దండుగ.

పొడవైన కటకము పిట్టను పెంచినట్లే చేతివణకును కూడ పెంచును. 300 మిల్లీమీటర్ల కటకమును చేతబట్టినపుడు సెకనులో 300వ వంతుకంటె ఎక్కువ కాలము తెఱవరాదని పాతవారు ఒక కొలత పెట్టుకొనిరి. వణకును మాన్పు యంత్రము నేటి కటకములలో నుండును. అయినను అది మన చేతిని నిలుపగలదే గాని పిట్ట తలను నిలుపలేదు. గెంతు పిచ్చుకకు 500వ వంతైనను, ఎగురుదానికి 1000వ వంతు లేక ఇంకను తక్కువ కాలమును కావలెను. ముక్కాలిపీట లేనివారు కిటికీగట్టుపై సగము నింపిన బియ్యపు సంచి వేసి, దానిపై కటకము నానింతురు. ఇది పీటకంటె సుఖము.

పాతనగరపు ఇండ్లలో మరియొక సదుపాయము కలదు. వసారాలకు ఎండ తగులకుండ వెదురు పుల్లల తెరలు వ్రేలాడదీయుట అచ్చటి వాడుక. వానిని చిల్మన్ అందురు. లోనున్నవారికి బయట కనబడునుగాని బయటివారికి లోపల కనబడదు. ఇంగ్లండునందు కియర్టన్ సోదరులు పక్షులను సమీపించుటకై బోలుచేసిన ఎద్దుతోలులో దాగి చిత్రములు తీసిరి. వారి పుస్తకము 1895లో వెలువడినది. పాతనగరపు బాలునకు ఎద్దుతో పనిలేదు. తెరప్రక్క కటకము పట్టునంత సందుచేసికొని, పదినిముషములు కదలకుండ కూర్చున్న చాలును. పిట్ట ఆరడుగులు దగ్గరకు వచ్చుట, నాభ్యంతరమును రెండింతలు చేయుటతో సమానము కావచ్చును. పైగా అందుకు ఖర్చులేదు.

వేసవిలో మిద్దెలు కాగి, వానిపై గాలి నీటివలె అలలాడును. అప్పుడు దూరపు చెట్టుపైకి ఎంత గొప్ప కటకము గురిపెట్టినను బొమ్మ కరగినట్లుండును. సూర్యోదయము మొదలు రెండు గంటలసేపు మేలు.

దూరపు కటకముయొక్క అసలైన ఉపయోగము గూళ్ళు కట్టు దినములలో తెలియును. 1931లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానమందలి పక్షులను పరిశీలించుటకు వచ్చినపుడు, నాటి శాస్త్రపద్ధతి ననుసరించి తుపాకితో కొట్టిన పక్షుల చర్మములనే ఆధారములుగా భద్రపరచెడివారు. నేడు అనేక సందర్భములలో మంచి ఛాయాచిత్రమే ఆధారముగా చెల్లుచున్నది. అయితే కెమెరాతోను హాని చేయవచ్చును. పిగిలిపిట్ట జనము తిరుగు ముంగిలి పొదలలోనే గూడు కట్టుకొనును. రెండు మూడు గ్రుడ్లు పెట్టి దాదాపు రెండు వారములు పొదుగును. చిన్న కటకముగలవాడు గూటిలోనికి చేయి పెట్టునంత దగ్గరకు పోయి, అడ్డమైన ఆకులను త్రుంచును. తల్లి లేచిపోవును. త్రుంచిన ఆకుల సందునుండి పిట్టగోడమీది కాకికి గ్రుడ్లు కనబడును. ఆ చిత్రము ఎంత బాగున్నను, సాయంకాలమునకు గూడు ఖాళీ.

300 మిల్లీమీటర్ల కటకముగలవాడు తెరవెనుకనే యుండి, ఆకుల నంటకుండ, తల్లి మేత తెచ్చు క్షణమును పట్టగలడు. తల్లి కేకవేసినను, నోట పురుగుతో గూటికి పోక కొమ్మపైనే తచ్చాడుచున్నను, అది తన్ను చూచినదని గ్రహించి వెంటనే లోనికి తొలగవలెను. పిల్లలు ఎగిరిపోయిన పిదప గూటిని దగ్గరనుండి చిత్రింపదలచినచో, కెమెరాతో వచ్చిన చిన్న కటకమే చాలును.