పాత కారు చక్రం: మెరుపు చూసి మోసపోరాదు

ఎడ్లబండికైనా, స్పోర్ట్స్ కారుకైనా చక్రమే ప్రాణం. జపానుకు చెందిన మాజ్దా కంపెనీ 1989లో విడుదల చేసిన ఎమ్‌ఎక్స్-5 రెండు సీట్ల చిన్న కారు. తొలి కార్లకు ముప్పయ్యేళ్ళు దాటినా విదేశాలలో ముచ్చటపడి నడిపేవారున్నారు. వాటిలో చాలావాటికి అల్యూమినియం మిశ్రమలోహంతో పోతపోసిన చక్రాలే ఉంటాయి. చక్రం తేలికైతే గతుకులలో టైరుకు నేలపట్టు బాగుంటుంది.

పాత చక్రాలు కొనేవారు సైజు ఒక్కటే చూస్తే చాలదు. ఈ కారు తొలి చక్రం 14 అంగుళాలు. నాలుగు బోల్టు రంధ్రాల మధ్యగా గీసిన వలయం అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు. అది కుదరకుంటే చక్రం బిగియదు. చక్రం మరీ బయటికి వస్తే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

చలిదేశాలలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. రంగు లేచినచోట ఉప్పునీరు దూరి లోహం తెల్లగా పొంగుతుంది. బాగుచేసేవారు టైరు విప్పి, పాత రంగు తీసి, చక్రాన్ని తిప్పి వంకర చూస్తారు. రంగుద్రవం పూసి తుడిచి పగుళ్ళు వెదుకుతారు. ఆపై పొడిరంగు చల్లి సుమారు 180-200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. వేడి మితిమీరితే లోహం బలం తగ్గుతుంది.

ఆకులు పగిలిన చక్రానికి అతుకు వేసి రంగు పూస్తే కంటికి కొత్తదే. వేగంలో విరిగితే ప్రాణానికే ముప్పు. అటువంటిది పాతసామాన్ల కొట్టుకు వేయడమే మేలు. మన ఊళ్ళలో పాత కారు కొనేవారికీ ఇది వర్తిస్తుంది. చక్రం లోపలివైపు కూడా చూడాలి. నట్లు ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లలోపు మరోమారు సరిచూడాలి.