పాదచారి హక్కు



దారి నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ముల్లును, రాయిని మనం తీసివేస్తాము. మన బండియే ఆ ముల్లు అయినప్పుడో?

చార్మినార్ చుట్టుపక్కల వీధులను గమనించండి. కాలిబాట ఉన్నచోట దానిపై దుకాణపు సరకు, దాని ప్రక్కనే ద్విచక్రవాహనాల వరుస. వృద్ధులు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లులు ఆటోల నడుమ నడిరోడ్డున నడవవలసి వస్తోంది. ఆటంకం లేని కాలిబాట పౌరుని జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎర్రదీపం దాటడాన్నీ, ఎదురుదారిలో నడపడాన్నీ ప్రమాదకరంగా నడిపినప్పుడు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను క్రింద మొదటి తప్పిదానికే జైలుశిక్షకు గాని, 1,000 నుండి 5,000 రూపాయల జరిమానాకు గాని, రెండింటికీ గాని వీలున్నది.

వేగం రెట్టింపైతే, బ్రేకు వేసిన తరువాత బండి సాగే దూరం సుమారు నాలుగింతలవుతుంది. ఇరుకు బజారులో ఆ దూరంలోనే ఎవరో ఒకరు నడుస్తూ ఉంటారు.

చలానా పడగానే మనం పోలీసును నిందిస్తాము. తెలిసినవారి చేత చెప్పించి మాఫీ చేయించుకోజూస్తాము. కెమెరాకు చిక్కకుండా నెంబరు ప్లేటును వంచేవారూ లేకపోలేదు. దీన్ని నేర్పు అనడం నాకు సమ్మతం కాదు. ఇది నడచిపోయేవాని ప్రాణంతో చెలగాటం.

సోదరులారా! ఈ జుమా నమాజు ముగిశాక బయట కాలిబాటమీద నిలిచిన బండ్లు ఎవరివో చూడండి. మనవే అయితే, వచ్చే శుక్రవారం పది నిమిషాలు ముందుగా బయలుదేరి, బండిని దూరంగా ఖాళీస్థలంలో నిలిపి నడచి రండి.