పరిశోధనకు నైతికానుమతి: సమ్మతిపత్రపు భాష

పరిశోధన యనగానే మన తెలుగు శాఖలలో తాళపత్రములు, శాసనములు, ముద్రిత గ్రంథములు మొదట స్ఫురించును. వీనికి నొప్పి లేదు, పరువు లేదు, పోలీసు భయము లేదు. కావున నైతిక సమీక్షా సంఘము వైద్య కళాశాలలకు సంబంధించినదనియు, మందులు పరీక్షించువారికే దానితో పని యనియు మనలో పలువురు తలంచుచున్నారు. కాని ఆచార్య బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లోనే వెలువడినది. మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటము 1962లో వచ్చినది. అది వ్యవసాయదారుల నోటిమాటలతో కూర్పబడినది. నోటిమాట వెనుక మనుష్యు డున్నాడు. అతనిని అడుగుట యెట్లు, అడిగితిమని సంఘమునకు చూపుట యెట్లు అను రెండు ప్రశ్నలను ఇచ్చట విచారింతుము. ఈ రెండును ఒకటే యని భ్రమించుట వలననే చిక్కు లన్నియు వచ్చుచున్న వని మా అభిప్రాయము.

ఈ పద్ధతి పుట్టుక తెలిసినదే కావున దానిని ముక్తసరిగా చెప్పి విడతుము. నాజీ వైద్యుల విచారణ ముగియగా 1947లో న్యూరెంబర్గు నియమావళి ఏర్పడినది. 1964లో ప్రపంచ వైద్య సంఘము హెల్సింకి ప్రకటన చేసినది. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 1980లో తన విధాన ప్రకటనను, 2000, 2006, 2017 సంవత్సరములలో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. 2019 నాటి నూతన ఔషధ నియమములు ఆరోగ్య పరిశోధనలను సమీక్షించు సంఘములు ప్రభుత్వము వద్ద నమోదు కావలెనని విధించినవి.

2017 సూత్రముల ప్రకారము సంఘమున సభ్యులు 7 మందికి తగ్గరాదు, 15 మందికి మించరాదు. అధ్యక్షుడు ఆ సంస్థకు బయటివాడై యుండవలెను. సభ్యులలో సగము మందియైనను బయటివారే కావలెను. వైద్యులతోపాటు న్యాయశాస్త్రజ్ఞుడు, సామాజిక శాస్త్రవేత్త, వైద్యవృత్తికి చెందని సామాన్య సభ్యుడు ఒకరు ఉందురు. ఈ సామాన్య సభ్యుడు అలంకారమునకు కాదు. సమ్మతిపత్రమును చదివి, అది తనవంటివారికి అర్థమగునా కాదా యని చెప్పుట అతని ముఖ్యకార్యము. అపాయము స్వల్పమైన ప్రణాళికలను ఒకరిద్దరు సభ్యులు త్వరితముగా పరిశీలింపవచ్చును. తక్కినవి నిండు సభకు పోవును. కొన్నింటికి సమీక్షనుండి మినహాయింపు కలదు; కాని మినహాయింపునకు తగునా తగదా యని నిర్ణయించునది సంఘమే గాని పరిశోధకుడు కాదు. సమాచారము సేకరించిన పిదప అనుమతి కోరుట వ్యర్థము. వెనుకటి తేదీతో అనుమతి నిచ్చు సంఘము సంఘమే కాదు.

ఈ నియమములు జానపద గేయములు సేకరించువానిని చట్టరీత్యా బంధింపవు గదా యని కొందఱు వాదింతురు. అది నిజమే. అమెరికాలో 2017లో సవరించిన నిబంధనలు మౌఖిక చరిత్రను సమీక్షా పరిధినుండి తప్పించినవి కూడ. కాని సమీక్ష తప్పినంత మాత్రమున అడుగవలసిన బాధ్యత తప్పదు. మన ప్రాంతపు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. ఎడ్గర్ థర్‌స్టన్ కె. రంగాచారి తోడ్పాటుతో 1909లో దక్షిణ భారతపు కులములను, తెగలను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. అందు కొరవలను గూర్చిన భాగమున దొంగతనపు పద్ధతులు విస్తారముగా వర్ణింపబడినవి. 1911లో నేరస్థ తెగల చట్టము మద్రాసు రాజధానికి విస్తరించినది. ఎఱుకలవారు ఆ చట్టము క్రిందికి వచ్చిరి. 1913లో స్టూవర్టుపురమున వారికి నిర్బంధ నివాసము ఏర్పడినది. ఆ చట్టము దేశమంతట రద్దగుటకు 1952 వఱకు పట్టినది. గ్రంథము వలననే చట్టము వచ్చినదని మేము చెప్పుట లేదు. పండితుడు వ్రాసినదియు, పోలీసు అధికారి వ్రాసినదియు ఒకే అలమారలో చేరుట మాత్రము గమనింపదగినది.

అనుమతి యుండియు సమ్మతి లేకపోవుట యెట్టిదో ఖమ్మము జిల్లా ఉదంతము తెలుపును. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణకై టీకా వేసిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి నడపిన ప్రణాళిక అది. కొందఱు బాలికలు మరణించిరన్న వార్త రాగా 2010 ఏప్రిలులో అది నిలిచిపోయినది. మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము తేల్చినది. అయినను సమ్మతిపత్రముల సంగతి వేఱు. పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలతోను, 2,763 వసతిగృహముల పాలకులు లేక ప్రధానోపాధ్యాయుల సంతకములతోను ఉన్నవి. తలిదండ్రులు అడవిపల్లెలలో నుండగా వార్డెను సంతకము వారి సంతకమునకు బదులైనది. ఆరోగ్య విషయముల పార్లమెంటు స్థాయీ సంఘము 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఈ పద్ధతిని తీవ్రముగా విమర్శించినది. ఆ ప్రణాళికకు నైతిక సంఘముల ఆమోదము లేకపోలేదు. లేనిది పల్లెలో నున్న తల్లికి అర్థమగు ఒక మాట.

ఇది తెలుగు శాఖకు సంబంధించిన విషయము కాదా? చిత్తూరు జిల్లా ఐరాల మండలమున బెల్లపు గానుగల పదజాలమును సేకరింపదలచిన ఒక విద్యార్థిని ఊహింతము. చెఱకు, పాకము, అచ్చులు: ఇందులో అపాయమేమి యని తోచును. కాని నల్లబెల్లము ప్రస్తావన వచ్చిన వెంటనే నాటుసారా ప్రస్తావన వచ్చును. ఆబ్కారీ వారి నిఘా ఆ సరకుపై నుండుట ఆ ప్రాంతమున ఎల్లరకును తెలియును. వక్త పేరు, ఊరు, కంఠస్వరము కూడ గల ధ్వనిముద్రణము అప్పుడు పదకోశమునకు ఆధారమే కాదు, కేసునకును ఆధారము కాగలదు. దరఖాస్తులో ‘అపాయము లేదు’ అని ఒక్క మాట వ్రాసి ఊరకుండరాదు. ఆ సంభాషణ వచ్చినచో ముద్రణము నాపుదుమనియు, పేర్లకు బదులు సంకేతములు వాడుదుమనియు, ఏ పేరు ఏ సంకేతమో తెలుపు పట్టికను వేఱుగా భద్రపఱతుమనియు వ్రాయవలెను.

ఇక సమ్మతిపత్రపు భాష. సామాన్యముగా మనకు దొరకు పత్రము ఇట్లుండును: ‘పై అధ్యయనమునందలి నా భాగస్వామ్యము స్వచ్ఛందమనియు, ఎట్టి కారణమును చూపకయే ఏ సమయమందైనను ఉపసంహరించుకొను హక్కు నాకు కలదనియు అవగాహన చేసికొంటిని.’ ఇది ఆంగ్లమునకు తెలుగు లిపి తొడిగిన వాక్యము. (మా వ్యాసపు భాష కూడ అట్టిదే గదా యని పాఠకులు నవ్వవచ్చును, ఈ వ్యాసమునకు సంతకము పెట్టుమని మేము రైతు నడుగుట లేదు.) అదే విషయమును ఐరాల ప్రాంతపు పెద్దకు ఇట్లు చెప్పవచ్చును: ‘పెదనాయనా, గానుగ కాడ మీరు వాడే మాటలు రాసుకుందామని వచ్చినాము. మీరు మాట్లాడేది ఈ ఫోనులో పట్టుకుంటాము. ఇష్టం లేకుంటే చెప్పొద్దు. మధ్యలో చాలు అన్నా ఆపేస్తాము. మీ పేరు పుస్తకంలో వేయమంటే వేస్తాము, వద్దంటే లేదు. దీనికి దుడ్లు ఇచ్చేది లేదు. గవర్నమెంటు లోనుకూ దీనికీ ఏం సంబంధం లేదు.’ శాస్త్రము కోరు అంశములు ఇందు దాదాపు అన్నియు ఉన్నవి. ‘లోను’ మాట మాత్రము ఏ నమూనాపత్రమునను కనబడదు; సంతకమనగానే రైతునకు తోచు మొదటి భయము అదే కావున దానిని చేర్చితిమి.

సంతకమునకు వెఱచువాడు మాటకు వెనుదీయడు. కాణిపాకము ఐరాల మండలములోనిదే. అచ్చట వినాయకుని యెదుట చేసిన ప్రమాణముతో తగవులు తీర్చుకొను ఆచారము నేటికిని ప్రసిద్ధము. అట్టి చోట నోటిమాటను తక్కువగా చూచుట తగదు. 2017 సూత్రములును చదువురాని వానికి పత్రమును చదివి వినిపించి, నిష్పాక్షికుడైన అక్షరాస్యుని సాక్షిగా నుంచుట నంగీకరించుచున్నవి. తగిన కారణము చూపినచో మౌఖిక సమ్మతికిని వీలున్నది. ఆ సాక్షి ఊరి పెత్తందారు కారాదు, పరిశోధకుని బండి నడపువాడును కారాదు. గానుగ యజమాని నడిగి కూలివాని మాట ముద్రించుకొనుట ఖమ్మము వార్డెను సంతకమునకు తోబుట్టువే.

పిల్లల పాటలు, ఆటలు సేకరించువారు మఱియొకటి గమనింపవలెను. తలిదండ్రుల సమ్మతి చాలదు. ఏడు మొదలు పండ్రెండేండ్ల వఱకు పిల్లవాని నోటి అంగీకారము, అటుపై పదునెనిమిది వఱకు వ్రాతపూర్వకమైన అంగీకారము కావలెను. బడి పంతులు అనుమతి బడిలో ప్రవేశించుటకే.

దరఖాస్తుతో ప్రశ్నావళి, సమాచారపత్రము, సమ్మతిపత్రము తెలుగులోనే జతపఱుపవలెను. ఆంగ్లము సంఘమువారి సౌకర్యమునకు. క్షేత్రమున ప్రశ్నలు మాఱినచో ఆ మార్పును మరల సంఘమునకు తెలుపవలెను. పరిశోధనావధిలో సేకరణమునకు ముందు కనీసము ఒక టర్మును ఇందుకు కేటాయించుకొనుట మేలు. ధ్వనిముద్రణములు సిద్ధాంతవ్యాసము ముగిసిన తరువాత ఎవరివద్ద నుండును, శాఖలోనా, విద్యార్థి ఫోనులోనా యనునది మొదటి దరఖాస్తులోనే తేలవలెను. పెదనాయన తన గొంతు తాను వినగోరినచో ఒక ప్రతి అతనికి చేర్చు ఏర్పాటును కూడ అందే వ్రాయవలెను.