ఆ మాట ఎక్కడిది? దక్షిణాది తెలుగువాళ్ళ చరిత్రకు జొటేరో

మదురైలో తెలుగువాళ్ళ చరిత్ర ఎత్తితే మొదట వినిపించేది 72 పాళెయాల సంగతి. మదురై నాయక రాజు విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి (సేనాపతి) అరియనాథ ముదలియార్ కలిసి రాజ్యాన్ని 72 పాళెయాలుగా, అంటే పాళెగాళ్ళ ఏలుబడిలోని సీమలుగా, పంచారని, మదురై కోటకున్న 72 బురుజులను ఒక్కో పాళెగాడికి ఒక్కోటి అప్పగించారని చెబుతారు. ఇళ్ళలో తాతలు చెబుతారు, సంఘాల సావనీర్లలో అచ్చవుతుంది, సిద్ధాంత గ్రంథాల్లోకీ ఎక్కుతుంది. ఎక్కడ చదివారని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. చదవడం చదివారు, ఏ పుస్తకమో ఎన్నో పేజీయో రాసిపెట్టుకోలేదు.

అలా రాసిపెట్టుకోవడానికే రిఫరెన్స్ మేనేజర్లనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఎండ్‌నోట్ డబ్బిచ్చి కొనాలి. మెండలే ఉచితమే కానీ 2013 నుంచి ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. జొటేరోను 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో ఉన్న చరిత్ర పరిశోధన కేంద్రం విడుదల చేసింది. అది ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూడవచ్చు. పుస్తకాలు, వ్యాసాలతో పాటు చేతిరాత ప్రతులకు, ఉత్తరాలకు, పటాలకు, ఇంటర్వ్యూలకు అందులో విడివిడిగా చోటుంది. అందుకే మన పనికి దాన్నే వాడమంటాను.

కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్ళ చరిత్ర ఒక భాషలో లేదు, ఒక చోటా లేదు. నెల్సన్ 1868లో తెచ్చిన మదురా మాన్యువల్, ఆర్. సత్యనాథ అయ్యర్ 1924 నాటి మదురై నాయకుల చరిత్ర ఇంగ్లీషులో ఉన్నాయి. మదురై నాయక రాజు విజయరంగ చొక్కనాథుడి కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు రాసిన జైమినీ భారతం తెలుగు వచనం. తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల కథ చెప్పే కి. రాజనారాయణన్ గోపల్ల గ్రామం తమిళ నవల. ఇక దస్తావేజులు, పెళ్ళి పత్రికలు, గుడి రసీదులు ఎవరి పెట్టెల్లో వాళ్ళవి.

మొదలుపెట్టడం తేలిక. జొటేరోను కంప్యూటర్‌లో ఎక్కించుకుని, బ్రౌజర్‌కు దాని కనెక్టర్‌ను జతచేయండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో నెల్సన్ పుస్తకం తెరిచి కనెక్టర్ గుర్తు నొక్కితే పేరు, రచయిత, సంవత్సరం వాటంతటవే వచ్చి చేరతాయి. కొత్త పుస్తకానికి ఐఎస్‌బీఎన్ సంఖ్య ఇస్తే చాలు. పాత తెలుగు పుస్తకాలకు ఆ సంఖ్య ఉండదు కాబట్టి వివరాలు చేత్తో నింపాలి. నింపినప్పుడే పుస్తకం ముఖపత్రాన్నీ దాని వెనక పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి ఆ నమోదుకే జతచేయండి. ముద్రణ సంవత్సరం మీద తర్వాత సందేహం వస్తే మళ్ళీ లైబ్రరీకి పరిగెత్తే పని ఉండదు.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. జొటేరో రచయిత పేరును రెండు గడుల్లో అడుగుతుంది, ఇంటిపేరుకొకటి, సొంతపేరుకొకటి. తమిళనాడులో పేరు ముందుండే అక్షరం సాధారణంగా తండ్రి పేరుది. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఇంటిపేరును పెళ్ళి సంబంధాలప్పుడు చెప్పుకుంటారే గానీ పేరుతో కలిపి రాసుకోరు. అందుకని సత్యనాథ అయ్యర్‌ను మొదటి గడిలో, ఆర్.ను రెండో గడిలో వేయండి. వెల్చేరు నారాయణరావు లాంటి పేర్లతో ఇంకో తంటా. ఇంగ్లీషు సూచికల్లో ఆయన ఒకచోట నారాయణరావు కింద, మరోచోట రావు కింద కనిపిస్తారు. పేరు పక్కనున్న చిన్న మీట నొక్కితే రెండు గడులూ ఒకటవుతాయి. అందులో ఇంటిపేరుతో మొదలుపెట్టి పేరంతా రాస్తే తెలుగు జాబితాలో ఉండాల్సిన చోటే ఉంటుంది. ఏ పద్ధతైనా మొదటిరోజే ఖాయం చేసుకోండి. వంద నమోదులయ్యాక మార్చడం చాలా కష్టం.

తేదీల విషయంలోనూ ఇంత జాగ్రత్త కావాలి. ఒక రాగిరేకు మీద శక 1558, ధాత సంవత్సరం అని ఉందనుకోండి. 78 కలిపితే 1636, అంటే మదురైని ఏలిన తిరుమల నాయకుడి కాలం. తేదీ గడిలో 1636 వేయండి, రేకు మీద ఉన్న మాటను ఉన్నదున్నట్టు నోట్‌లో రాయండి. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి మాఘ మాసపు రేకైతే అది 1637లోకి వెళ్తుంది. మీ లెక్క మాత్రమే మిగిలి మూలం పోతే, లెక్క తప్పయినా పట్టుకునేవాళ్ళు ఉండరు.

ఇక లిపి సంగతి. తమిళనాడు తెలుగువాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల మాట తెలుగు, రాత తమిళం. జొటేరో రెండు లిపులనూ తీసుకుంటుంది. అయితే తెలుగులో మదురై అని వెతికితే తమిళ లిపిలో రాసుకున్న మదురై దొరకదు. కాబట్టి నోట్స్ ఏ లిపిలో ఉన్నా, ట్యాగులు మాత్రం ఒకే లిపిలో పెట్టుకోండి. ఊరి పేరు, కుటుంబం, కాలం, ఈ మూడు ట్యాగులు ప్రతి నమోదుకూ ఉంటే చాలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంటర్వ్యూ నమోదు. కోయంబత్తూరు దగ్గర పల్లెలో ఒక అవ్వ, తమవాళ్ళు ఏ దారిన వచ్చారో, ఏ ఊళ్ళో ఆగారో చెబుతోందనుకోండి. ఆమె అనుమతి తీసుకుని రికార్డు చేయండి. నమోదులో ఆమె పేరు, అడిగినవాళ్ళ పేరు, ఊరు, తేదీ వేసి ఆడియోను జతచేయండి. వలస దారి మాట ఎన్నో నిమిషంలో వచ్చిందో నోట్‌లో రాయండి. ఆమె మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దకండి, ఆమె అన్నట్టే రాయండి. అవ్వ చెప్పినంత మాత్రాన అది రుజువైపోదు. ఆ కుటుంబం దాన్ని ఎలా గుర్తుంచుకుందో తెలుస్తుంది, అదీ చరిత్రే. రిలేటెడ్ అనే చోట ఆ నమోదును నెల్సన్ పుస్తకానికి ముడివేస్తే రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

వ్యాసం రాసేటప్పుడు వర్డ్‌లోనో లిబ్రెఆఫీస్‌లోనో జొటేరో మీట నొక్కితే ఆధారం వాక్యం పక్కన, గ్రంథసూచి చివర చేరతాయి. జాబితా ఎంత పెద్దదైనా ఉచితంగా సింక్ అవుతుంది. ఫైళ్ళకు మాత్రం ఉచితంగా ఇచ్చే చోటు 300 మెగాబైట్లే, ఆడియోలతో అది త్వరగా నిండుతుంది. అందుకని నెలకోసారి జొటేరోను మూసి, దాని ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.

కోయంబత్తూరులో, మదురైలో ఈ పని విడివిడిగా చేస్తున్నవాళ్ళకు ఒక విన్నపం. జొటేరోలో ఒక గ్రూప్ లైబ్రరీ తెరిచి, బయటివాళ్ళకు కనబడకుండా పెట్టుకుని, మీ జాబితాలు అందులో కలపండి. ఏ కాగితం ఎవరింట్లో ఉందో రెండు ఊళ్ళవాళ్ళకూ తెలుస్తుంది.