అయస్కాంతం పెడితే క్వార్కులు కరుగుతాయా?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే, గచ్చిబౌలి బండరాళ్ల నడుమ, 1974లో ఏర్పాటైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట కంప్యూటర్లు, ఇంకోచోట భౌతికశాస్త్రం. రెండింటికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది... క్వార్కుల సంగతి తెలిస్తే!

మన ఒంట్లోని ప్రతి ప్రోటాన్‌లోనూ మూడు క్వార్కులుంటాయి. అవి ఒంటరిగా బయటికి రానేరావు. కానీ సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీల వేడిలో ఆ బంధాలు సడలి అంతా క్వార్కుల పులుసైపోతుంది. ఆ వేడి సూర్యుడి గర్భం కన్నా లక్ష రెట్లు పైమాటే! విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో ఉన్నది ఆ పులుసే. అది చల్లారి ప్రోటాన్లు కాబట్టే మనమంతా ఉన్నాం. హైదరాబాద్ వర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన బిందు బాంబా పరిశోధనల్లో ఈ పులుసూ ఒకటి.

అయస్కాంతం ఎక్కడిది?

అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో 2000లో బంగారు కేంద్రకాలను, జెనీవా దగ్గరి సెర్న్‌లో 2010లో సీసం కేంద్రకాలను కాంతివేగానికి దగ్గరగా పరిగెత్తించి ఢీకొట్టించడం మొదలెట్టారు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉన్నట్టే, దూసుకెళ్లే ఈ కేంద్రకాల చుట్టూ కూడా ఏర్పడుతుంది. ఆసుపత్రిలోని ఎమ్మారై యంత్రం బలం భూమి అయస్కాంతానికి దాదాపు 30 వేల రెట్లు. ఢీకొన్న చోట పుట్టేది ఎమ్మారైకి లక్షల కోట్ల రెట్లు! కాకపోతే క్షణంలో కోటి కోటో వంతు కూడా నిలవదు.

అంచనా తలకిందులు

అంత బలమైన అయస్కాంతం క్వార్కుల బంధాన్ని ఇంకా బిగిస్తుందని, కాబట్టి కరగడానికి మరింత వేడి కావాలని చాలామంది అనుకున్నారు. 2012లో హంగరీ, జర్మనీ శాస్త్రవేత్తల బృందం లెక్కలు వేస్తే ఫలితం అడ్డం తిరిగింది. చల్లగా ఉన్నప్పుడు బంధం బిగుస్తున్నమాట నిజమే. కరిగే వేడి దగ్గర మాత్రం అదే అయస్కాంతం బంధాన్ని సడలిస్తోంది. అంటే తక్కువ వేడికే కరుగుతాయన్నమాట!

ఈ లెక్కలు కాగితం మీద తేలవు. స్థలాన్నీ కాలాన్నీ అష్టాచెమ్మా గళ్లలా విడగొట్టి, ఒక్కో గడిలో ఏం జరుగుతుందో కంప్యూటర్‌తో లెక్కించాలి. ఖరీదైన సూపర్ కంప్యూటర్లకు బదులు వీడియో గేమ్‌ల గ్రాఫిక్స్ కార్డులు వాడొచ్చని 2006లో చూపించిందీ ఈ బృందంలోని కొందరే. అలాంటి చిప్‌ల డిజైన్ పనే హైటెక్ సిటీ చుట్టుపక్కల ఆఫీసుల్లోనూ జరుగుతోంది.

మామూలుగా ఈ కరగడం ఎండలో పెట్టిన నెయ్యిలా మెల్లగా సాగుతుంది. అయస్కాంతం మరీ బలమైతే నీళ్లు మరిగినట్టు ఒక్కసారిగా జరగొచ్చని 2022లో ఇటలీ పరిశోధకుల లెక్కలు సూచించాయి. ఆ అయస్కాంత బలం ఇంకా ఏ ప్రయోగశాలకూ అందలేదు. అందేదాకా దాని జాడ చెప్పాల్సింది కంప్యూటర్లే!