వేగం ఎక్కడ ఆగింది?

మూసీనది ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కు సమీపంలో ఉన్న బేగంబజార్ హైదరాబాదులోని పెద్ద టోకు వర్తక కేంద్రాలలో ఒకటి. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు దానం చేసినందువల్ల దీనికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. పప్పుదినుసులు, సుగంధద్రవ్యాలు, ఎండుఫలాలు, ఇత్తడి, రాగి, స్టీలు పాత్రలు ఇక్కడి నుంచి ఎన్నో ఊళ్లకు తరలిపోతాయి. కింద దుకాణం, వెనుక గోదాము, పైన నివాసం ఉండే పాత ఇళ్లు ఇక్కడ తరచుగా కనిపిస్తాయి.

ఇటువంటి ఇంట్లో నేడు ఇంటర్నెట్ లేనిదే పని సాగదు. కింద దుకాణంలో చెల్లింపులు ఫోను ద్వారానే జరుగుతాయి. పై అంతస్తులో విద్యార్థి పాఠాలు వింటాడు. తెలంగాణలో 2016లో 'దోస్త్' విధానం వచ్చిన తరువాత డిగ్రీ కళాశాలల ఎంపిక కూడా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నది. గడువు ముగిసే రాత్రి తెరమీద చక్రం తిరుగుతూ ఉండిపోతే కోరుకొన్న కళాశాల చేజారవచ్చు. కనుక వేగం మందగించడం చిన్న అసౌకర్యం కాదు.

ఒకే రూటరు ఇల్లంతటికీ చాలనప్పుడు మెష్ వ్యవస్థను అమర్చుకొంటారు. ఇందులో రెండు మూడు చిన్న పెట్టెలు ఉంటాయి. ఒక్కొక్క పెట్టెను నోడ్ అంటారు. బయటి నుంచి వచ్చిన తీగ ప్రధాన నోడ్‌కు చేరుతుంది. అక్కడి నుంచి సంకేతాన్ని మిగిలిన నోడ్‌లు ఒకదాని నుంచి ఒకటి అందుకొని ఇల్లంతా పంచుతాయి. అయినా పై గదిలో వేగం లేకపోతే ఇంటివారు సాధారణంగా రెండు పనులు చేస్తారు. కనెక్షన్ ఇచ్చిన సంస్థను నిందిస్తారు. లేదా మరింత ఖరీదైన పథకానికి మారుతారు. చాలాసార్లు ఈ రెండింటివల్లా ఫలితం ఉండదు. కారణం బేగంబజార్ వీధులను చూస్తేనే అర్థమవుతుంది. సరుకు లారీ ఎంత పెద్దదైనా ఇరుకు సందు మొదట్లో ఆగవలసిందే. అక్కడి నుంచి మూటలు హమాలీల భుజాల మీదనో, తోపుడు బండ్ల మీదనో దుకాణం చేరాలి. లారీని పెద్దది చేసినంత మాత్రాన సందు వెడల్పు కాదు. బయటి ఫైబర్ తీగ లారీ వంటిది. ఇంటిలోని వై-ఫై సందు వంటిది.

ఈ సందును ఇరుకు చేసేవి ముఖ్యంగా మూడు. మొదటిది ఇంటి కట్టడం. వై-ఫై ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను వాడుతుంది. మొదటివాటి తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు, రెండవవాటిది సుమారు 6 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ సమాచారాన్ని మోయగలవు గాని, గోడలను దాటేటప్పుడు త్వరగా బలహీనపడతాయి. రాయి, సున్నంతో కట్టిన మందపాటి గోడలు తరంగ శక్తిని పీల్చుకొంటాయి. లోహం వాటిని వెనుకకు మళ్లిస్తుంది. గోదాములో పైకప్పు దాకా పేర్చిన స్టీలు బిందెలు, ఇనుప షట్టరు తరంగాలకు అడ్డుగోడలే.

రెండవది నోడ్‌ల మధ్య జరిగే చేరవేత. ఒక హమాలీ మూటను అందుకొంటున్న క్షణంలోనే దానిని మరొకరికి అందించలేడు. ఒకే రేడియోతో పనిచేసే నోడ్ కూడా అంతే. అది కొంత సమయం వినాలి, కొంత సమయం చెప్పాలి. అందువల్ల ఒక నోడ్ దాటితే వేగం దాదాపు సగానికి, రెండు దాటితే ఇంచుమించు నాలుగవ వంతుకు తగ్గవచ్చు. నోడ్‌ల మధ్య సంభాషణకు ప్రత్యేకమైన రేడియో ఉన్న పరికరాలలో ఈ నష్టం తక్కువ.

మూడవది ఇరుగుపొరుగు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రామ్‌సన్ బృందం 'అలోహానెట్' అనే రేడియో జాలాన్ని నడిపినప్పుడే ఒక చిక్కు తెలిసింది. ఒకే ఛానెల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. నేటి వై-ఫై పరికరాలు ఇతరులు మాట్లాడుతున్నంతసేపు ఆగుతాయి. గోడకు గోడ ఆనుకొన్న ఇళ్లలో ఆ నిరీక్షణే ఆలస్యంగా మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోదగినవి సాధారణంగా 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే.

వీటిలో అసలు కారణమేదో ఊహించి చెప్పరాదు, కొలిచి తెలుసుకోవాలి. ముందుగా కంప్యూటరును తీగతో నేరుగా ప్రధాన నోడ్‌కు కలిపి, ఉదయం, రాత్రి వేగాన్ని కొలవాలి. తరువాత తీగ తీసి, అదే నోడ్ పక్కన వై-ఫైతో కొలవాలి. ఆపైన రెండవ నోడ్ దగ్గర, చివరగా మూడవ నోడ్ దగ్గర కొలవాలి. అంకెలను ఒక కాగితం మీద వరుసగా రాయాలి. ఉదాహరణకు ఆ వరుస 100, 90, 40, 12 మెగాబిట్లు అయితే బయటి తీగలో దోషం లేదు. నష్టంలో ఎక్కువ భాగం నోడ్‌ల మధ్యనే జరుగుతున్నది. మొదటి అంకెయే 12 అయితే మాత్రం సంస్థకు ఫిర్యాదు చేయాలి. అంతకుముందు నెలవారీ డేటా పరిమితి ముగిసిందేమో, తీగ ఎక్కడైనా నలిగిందేమో చూడాలి. సెకనుకు 1000 మెగాబిట్లు మోసే తీగలో నాలుగు జతల పోగులు పనిచేయాలి. ఒక పోగు తెగినా వేగం 100కు పడిపోవచ్చు.

కొలతల్లో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. సంస్థలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. ఫైళ్ల పరిమాణం బైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు. కనుక 40 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు 5 మెగాబైట్లు దిగితే అది లోపం కాదు.

దోషం నోడ్‌ల మధ్య ఉన్నదని తేలితే పరిష్కారాలు సులభమే. సంకేతం పూర్తిగా అందని గదిలో నోడ్‌ను పెట్టడం చాలామంది చేసే తప్పు. బలహీనమైన సంకేతాన్ని అందుకొన్న నోడ్ బలహీనమైన దానినే పంచుతుంది. సంకేతం ఇంకా బలంగా ఉన్న చోటనే, దారి మధ్యలో దానిని నిలపాలి. పాత ఇళ్లలో మెట్లదారి, నడిమి ముంగిలి తరంగాలకు మంచి బాటలు. నోడ్‌ను పాత్రల వెనుక, ఇనుప బీరువాలో ఉంచరాదు. వీలైతే నోడ్‌లను తీగతో కలపడం అన్నిటికంటే మేలు. అప్పుడు చేరవేతలో వేగం సగమయ్యే సమస్యే ఉండదు. సంస్థ ఇచ్చిన పాత రూటరు వై-ఫై కూడా పనిచేస్తుంటే దానిని ఆపివేయాలి. ఫోను కొన్నిసార్లు దూరపు నోడ్‌నే పట్టుకొని ఉంటుంది. వై-ఫైని ఒకసారి ఆపి తిరిగి తెరిస్తే దగ్గరి దానికి మారుతుంది. ఈ మార్పులను ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ మళ్లీ కొలవాలి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

మన దేశంలో 2004 నాటి విధానం సెకనుకు 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస వేగంగా నిర్ణయించింది. 2023లో ఆ కనీసాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. ఇంటి గుమ్మం వరకు వేగం పెరుగుతూనే ఉన్నది. గుమ్మం నుంచి చదువుకొనే బల్ల వరకు దానిని చేర్చుకోవడం మాత్రం ఇంటివారి చేతిలో ఉన్నది. తూకం వేయనిదే సరుకు కొనడు బేగంబజార్ వ్యాపారి. కొత్త పథకానికి, కొత్త పరికరానికి డబ్బు చెల్లించే ముందు ఆ నియమాన్నే పాటిస్తే ఖర్చు మిగులుతుంది. గడువు రాత్రి విద్యార్థి దరఖాస్తు సకాలంలో చేరుతుంది.